మొదటి దెబ్బ పీనుగులోళ్లది

మా మామ బాలకిషన్‌కి కోపమొస్తే ముందు చెప్పు దొరుకుతుంది, ఆ తర్వాతే మాట దొరుకుతుంది. ఆ ఆషాఢం మొదటి శుక్రవారం పొద్దున ఆయన గడప దగ్గర దుకాణానికి బయల్దేరుతూ విసిరిన చెప్పు నా చెవి పక్కనుంచి వెళ్లి ఉప్మా గిన్నెకి తగిలింది. గిన్నె బోర్లా పడింది. నేనింకా ఆయన ఏమడిగాడో కూడా వినలేదు. వినలేదనే ఆ చెప్పు.

“పండుగలోపల నువ్వు మా ఇంటిపేరు పెట్టుకోవాలె. ఇగ అంతే!” అన్నాడు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. మా మామది ఊరు గొప్పే, మాదన్నపేటలో ఆయన్ని ఎరగనివాడు లేడు. పేరే దిబ్బ. ఆయన ఇంటిపేరు పీనుగుల. పీనుగుల బాలకిషన్. నాదేమో మల్లెల రఘురామ్. పైగా నేను జీవిత బీమా ఏజెంటుని. లాడ్ బజార్ గాజుల దుకాణాల మెట్లెక్కి దిగి, మనుషుల ప్రాణాల మీద పాలసీలు కట్టించుకుని బతికేవాణ్ణి.

“మామయ్యా, కాస్త ఆలోచించండి. ‘నమస్కారమండీ, నేను పీనుగుల రఘురామ్‌ని, మీ ప్రాణం గురించి మాట్లాడదామని వచ్చాను’ అంటే ఏ షావుకారు నన్ను కూర్చోబెడతాడు?”

మా అత్త నాగమణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన రెండో చెప్పు తీశాడు. అప్పుడు స్రవ్య వంటింట్లోంచి వచ్చింది. నా భార్య. ఈ ఇంటికి ఒక్కతే బిడ్డ. అప్పటికి ఐదో నెల. బోర్లాపడ్డ గిన్నె అందుకుని గోడకేసి కొట్టింది. సున్నం పెళ్ల రాలింది.

“పెండ్లప్పుడు ఏమన్నవ్ బాపు? ఇంట్ల ఉంటె సాలన్నవ్. పైన అర్ర ఇస్త, నా బిడ్డ నా కండ్ల ముంగట ఉండాలన్నవ్. ఆ పేరు మాటెత్తినవా?”

“ఇప్పుడెత్తుతున్న!”

“ఎత్తు మరి! నా కడుపుల ఉన్నదాన్ని గూడ ఆ పేరుతోనే పిలువు. బడికి పంపి కొట్టిపియ్యి.”

మా మామ చేయి లేచింది. నేను అడ్డంపడి ఆ మణికట్టు పట్టుకున్నాను. తాళ్లు పేని పేని ఆయన చేయి గుంజలా ఉంటుంది, నాకది పట్టుకోగానే చెమట పట్టింది. ఆయన నా మొహంలోకి చూశాడు. “పట్టుకున్నవ్ గదా. ఈ బలమే కావాలె నాకు” అని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

అంత హడావుడి ఎందుకో చెప్పాలి. మా మామది తాళ్ల దుకాణం. ఒకప్పుడు బావి మోకులు అమ్మేవారట. ఇప్పుడు నైలాను చుట్టలు, పందిరి తాళ్లు, గుర్రపు పగ్గాలు. కానీ ప్రతి ఆషాఢంలోనూ మా గల్లీ మైసమ్మ బోనాలకి పోతరాజు ఆడించే కొరడా ఆ దుకాణంలోనే పేనాలి. జనపనార నానబెట్టి, పసుపు పట్టించి, చేతి మందాన పేనుతారు. పండుగనాడు గుడి ముందు ఆ కొత్త కొరడా మొదటి దెబ్బ పేనిన ఇంటి మగాడి మీదే పడాలి. పోతరాజు ఎదురొచ్చి “ఎవరింటోడివి?” అని గద్దిస్తాడు. “పీనుగులింటోణ్ణి” అని చెప్పి చేయి చాపాలి. దెబ్బ పడ్డాక గానీ కొరడా కదలదు, కొరడా కదిలాక గానీ బోనాలు కదలవు. మొదటి దెబ్బ ఎవడిదైతే వాడే ఆ ఇంటికి పెద్ద. దుకాణం తాళాలు కూడా వాడివే. ఇలాగని ఎక్కడా రాసి లేదు, గల్లీ అంతా మాత్రం అదే నమ్ముతుంది.

ఆ ఏడు పండుగ కమిటీలో మా మామ తమ్ముడి కొడుకు శ్రవణ్‌కుమార్ లేచి అన్నాడట, “పెద్దనాయిన తర్వాత ఎవరున్నరు? ఉన్నదొక్క ఆడపిల్లాయె. ఇంటల్లుడు మల్లెలోడు. గా దెబ్బేదో ఈ ఏడు నుంచే మాకియ్యిండ్రి” అని. ఆ మాటకి మా మామ ఒక కుర్చీ విరగ్గొట్టి ఇంటికొచ్చాడు. మర్నాడే నా మీదకి చెప్పు.

ఇంతకీ ఆ పేరెక్కడిది అంటే ఆయన దగ్గర నాలుగు కథలున్నాయి. ఒక కథలో వాళ్ల ముత్తాత మూసీ వరదలో శవాలు మోశాడు. ఇంకో కథలో ఆ ముత్తాతే ముగ్గుర్ని శవాల్ని చేశాడు. ఏ కథ చెప్పినా చివరికి అదే మాట: “యాడిదైతే ఏంది? పేరు పేరే.”

పెళ్లిచూపులనాడు మా నాన్న రాధాకృష్ణమూర్తి, సెక్రటేరియట్‌లో చేసి రిటైరైన పెద్దమనిషి, మహా మర్యాదగా “ఇంటిపేరు ఏమన్నారండీ?” అని అడిగాడు. మామ చెప్పాడు. మా అమ్మకి పొలమారింది. మా నాన్న కప్పులోకి చూశాడు. నేను మాత్రం ఆపుకోలేక గట్టిగా నవ్వేశాను. మామ చేయి చెప్పు కోసం కిందికి వెళ్లింది. అప్పుడు తల వంచుకుని కూర్చున్న పిల్ల కూడా కిసుక్కుమంది. ఆ నవ్వుకే మా పెళ్లి కుదిరింది. పెళ్లయ్యాక ఆ పేరు స్రవ్య నోటివెంట ఒక్కసారి కూడా నేను వినలేదు. ఎప్పుడూ “ఆ పేరు” అంటుంది, అంతే.

నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఆలోచిస్తానండీ అన్నాను మామతో. చూద్దాంలే అన్నాను ఆమెతో. బీమా ఏజెంటుకి అలవాటైన మాటలు కదా. పనైతే కాదు గానీ రోజు గడుస్తుంది.

తర్వాతి శనివారం మధ్యాహ్నం దుకాణంలో కొరడా పేనుతున్నాం. ఒక కొస నేను పట్టుకున్నాను, మామ రెండో కొస కాలిబొటనవేలికి కట్టుకుని మెలి తిప్పుతున్నాడు. పసుపు నీళ్లు మోచేతులదాకా కారుతున్నాయి. ఎదురుగా అత్తరు దుకాణంలో యూసుఫ్ భాయ్ గల్లాపెట్టె మీద కునుకు తీస్తున్నాడు. శ్రవణ్ ఇద్దరు దోస్తుల్ని వెంటేసుకుని వచ్చి మెట్టు మీద నిలబడ్డాడు. జిమ్‌లో పెంచిన కండలు, ఆ కండల కోసమే కుట్టించినట్టు బిగుతు చొక్కా.

“ఏం బావా, తాళ్లు పేనుడు నేర్చుకుంటున్నవా? మస్తు. రేపు పిల్లకు ఉయ్యాలకైతదిలే” అన్నాడు.

నేను నవ్వాను. నిజంగానే బాగుందనిపించింది. ఆ నవ్వు వాడికి నచ్చలేదు. మనిషిని గుచ్చితే నెత్తురు రావాలి గానీ నవ్వు రాకూడదు కదా. వాడు సగం పేనిన కొరడా నా చేతుల్లోంచి గుంజుకున్నాడు. “ఇది మా ఇంట్లది. పరాయోడు పట్టుకుంటె అమ్మోరికి మైల” అంటూ ఆ తడి తాడుతోనే నా భుజం మీద కొట్టాడు. చొక్కా చీలింది. నేను తాళ్ల చుట్టల మధ్య వెల్లకిలా పడ్డాను.

లేచేసరికి మామ వాడి వెనకున్నాడు. ఎప్పుడు లేచాడో, ఎప్పుడు పందిరి తాడు తీశాడో నేను చూడలేదు. తాడు శ్రవణ్ మెడ చుట్టూ ఒక చుట్టు తిరిగి ఉంది. రెండు కొసలూ రెండు పిడికిళ్లలో బిగించి, మోకాలు వాడి నడుముకి తన్నిపెట్టి లాగుతున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. రోజూ దుకాణంలో పని చేసుకునేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. శ్రవణ్ మొహం కందగడ్డలా అయ్యింది. నాలుక బయటికొచ్చింది. దోస్తులు పారిపోయారు.

“ఛోడో బాలకిషన్ భాయ్! మర్ జాయేగా! అల్లా కే వాస్తే ఛోడో!” అని యూసుఫ్ భాయ్ దూకి వచ్చాడు. ఆయన ఒక చేయి, నేను ఒక చేయి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే విడదీశాం. తాడు వదులైంది. శ్రవణ్ నేల మీద పడి దగ్గాడు, కక్కాడు. కక్కుతూనే మూలనున్న షట్టర్ కొక్కెం అందుకున్నాడు. ఆ ఇనుప కడ్డీ గాలిలో తిరగడం మేం ముగ్గురం చూశాం. అది మామ కుడి మోచేతి కింద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది.

మామ అరవలేదు. వేలాడుతున్న చేతిని ఎడమ చేత్తో ఎత్తిపట్టుకుని, పారిపోతున్నవాడి వైపు చూసి, “మా రక్తమే పో” అన్నాడు. ఆ గొంతులో ఉన్నది మెప్పో ఏడుపో నాకు అర్థం కాలేదు.

“కేసు పెడదాం మామయ్యా” అన్నాను, కట్టు కట్టించి ఆటోలో తీసుకొస్తూ.

“ఒకటే ఇంటిపేరోని మీద కేసేందిరా? నవ్వుతరు” అన్నాడు. యాకుత్‌పురా స్టేషన్ దాటాం. తర్వాత కట్టు వైపు చూసుకుంటూ అన్నాడు. “నా చెయ్యి పాయె. ఇగ నీ చెయ్యే.”

ఆ సాయంత్రం డాబా మీద స్రవ్య నా భుజానికి పసుపూ నూనే రాస్తోంది. రాస్తోందనడం కంటే రుద్దుతోందనడం నయం. మంటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆవిడకి ఒళ్లంతా కోపమే.

“ఐదో తరగతిల ఒక పిలగాడుండె నాకు” అంది. “రోజు నన్ను చూసి ముక్కు మూసుకుంటుండె. వాసనొస్తుందట. బడంత ముక్కులు మూసుకునుడు నేర్చిండ్రు. ఒకనాడు ప్రార్థనల నా ఎనక నిలబడి ఆ పేరు పాడిండు. నేను ఎనకకు తిరిగిన. వాని చెవు కొరికిన. తునక ఊడివచ్చింది. ఉమ్మిన. బాపు బడికొచ్చి ఏం చేసిండో ఎర్కనా? నన్ను భుజాల మీద ఎక్కించుకోని గల్లీ అంత తిప్పిండు. జిలేబీ కొనిచ్చిండు.”

ఆమె మళ్లీ నూనె అరచేతిలో వంపుకుంది.

“ఆ పేరు మోసినోళ్లందరు కొడతరు, రఘూ. మా తాత కొట్టేటోడు, బాపు కొడతడు, శ్రవణ్‌గాడు కొడతడు, నేను కొరికిన. జనం ఆ పేరు విని నవ్వుతరు. నవ్వంగనే మా చెయ్యి లేస్తది. కొట్టుకుంట కొట్టుకుంట అదే మర్యాదనుకుంటం. నువ్వు పేరు విని నవ్వినవ్. నిన్ను చూసి నేను నవ్విన. గా ఒక్కనాడే నాకు పాణం తేలికైంది. అందుకే నిన్ను చేసుకున్న. మల్లెలని చేసుకున్న. ఇప్పుడు నువ్వు పొయ్యి ఆ పేరు తెచ్చుకుంటవా?”

“తెచ్చుకోను” అన్నాను. ఆ మాట అనేటప్పుడు నిజంగానే అన్నాను. “పేరు ఇవ్వను. కానీ ఆయన చేయి విరిగింది స్రవ్యా. పండుగ ఆగిపోతే ఆయన బతకడు. అల్లుడిగా వెళ్లి చేయి చాపుతాను. ఒక దెబ్బ తిని వచ్చేస్తాను.”

ఆమె నూనె గిన్నె పక్కకి నెట్టింది. “తిను” అంది. “ఎన్ని తిన్నా ఫికర్ లేదు. కొట్టకు.”

మామకి అదే చెప్పాను. చేయి ఇస్తాను, పేరు ఇవ్వను అని. ఆయన చెప్పు వైపు చూశాడు గానీ తీయలేదు. కుడి చేయి కట్టులో ఉంది కదా, ఎడమ చేతికి ఇంకా గురి కుదరలేదు.

బోనాల ఆదివారం వచ్చింది. గల్లీ పొడవునా వేపమండలు, పసుపు తోరణాలు. తీన్మార్ డప్పులకి కిటికీ రెక్కలు అదురుతున్నాయి. ఆడవాళ్లు బోనాలెత్తుకుని వరస కట్టారు. గుడి ముందు మేకపోతు నెత్తుటి మీద అప్పుడే బూడిద చల్లారు, చల్లినంత మేరా ఎర్రగా పైకి తేలుతోంది. స్రవ్య ఎదురింటి డాబా మీద పిట్టగోడ పట్టుకుని నిలబడింది. మామ అరుగు మీద కుర్చీలో, మెడకి కట్టిన చేయితో, కొత్త తలపాగా చుట్టుకుని కూర్చున్నాడు.

పోతరాజు మైసయ్య వచ్చాడు. మామూలు రోజుల్లో ఆటో నడుపుకునే మెత్తటి మనిషి. ఆ రోజు ఒళ్లంతా పసుపు, నుదుటి నిండా కుంకుమ, కాళ్లకి గజ్జెలు, నోట్లో నిమ్మకాయ. చేతిలో మా కొరడా. దాన్ని ఒకసారి నేలకేసి కొట్టాడు. డప్పులు ఆగిపోయాయి.

“ఎవరింటోడివి?”

“పీనుగులవారి అల్లుణ్ణి” అన్నాను. గొంతు బాగానే వచ్చింది.

మైసయ్య తటపటాయించి అరుగు వైపు చూశాడు. మామ తల ఊపాడు. జనంలోంచి శ్రవణ్ ముందుకొచ్చాడు. మెడ చుట్టూ ఇంకా తాడు వాత నల్లగా కనబడుతోంది. “అల్లుడేంది మైసయ్యా? మల్లెపూలోడు! గీనికి కొరడా ఎందుకు, పూల దారం సాలదా?” అన్నాడు. జనం గొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది. ఒట్టు, అప్పటికి నవ్వే వచ్చింది. చేయి చాపాను.

దెబ్బ పడింది. మణికట్టు నుంచి మోచేతిదాకా నిప్పు అంటించినట్టైంది. చర్మం చిట్లి నెత్తురు పసుపులో కలిసింది. ఆడవాళ్లు అమ్మవారు పూని శిగాలూగారు, డప్పులు మళ్లీ అందుకున్నాయి. అయిపోయింది, ఇక ఇంటికి పోవచ్చు అనుకున్నాను. అప్పుడు శ్రవణ్ నా చెవిలో, చెవిలో అయినా పదిమందికి వినబడేట్టు, అన్నాడు.

“దెబ్బైతే తిన్నవ్ గని బావా, దాని కడుపుల ఉన్నది మల్లెపూవా, పీనుగా?”

ఆ తర్వాతది నాకు వరసగా గుర్తులేదు. కొరడా నా చేతిలో ఉంది. మైసయ్య ఇచ్చాడో నేను లాక్కున్నానో తెలియదు. మొదటి దెబ్బ వాడి భుజం మీద. రెండోది మొహం మీద. కన్ను ఉన్నచోట ఎర్రటి వాత లేచింది. వాడు చేతులడ్డం పెట్టుకుంటే ఆ చేతుల మీద, బోర్లా తిరిగితే వీపు మీద. బిగుతు చొక్కా ముక్కలై ఊడింది. వాడు మేక నెత్తుట్లో జారి పడ్డాడు. నేను వాడి మీద కూర్చున్నాను. కొరడా వాడి మెడ చుట్టూ తిరిగి ఉంది, రెండు కొసలూ నా రెండు పిడికిళ్లలో ఉన్నాయి. ఎలా తిప్పాలో, మోకాలు ఎక్కడ ఆనించాలో నాకు ఎవరూ నేర్పలేదు. దుకాణంలో ఒకసారి చూశాను, అంతే. చేతులు నేర్చేసుకున్నాయి. పైగా, ఇప్పుడు దాచి లాభమేముంది, హాయిగా ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు నవ్వి ఊరుకున్న వాటన్నింటికీ ఒక్కసారే బదులు చెబుతున్నట్టు ఉంది.

మైసయ్య నన్ను నడుం పట్టుకుని ఎత్తి అవతల పారేశాడు. నేను రొప్పుతూ లేచాను. డప్పులు లేవు. ఒక్క క్షణం గల్లీ మొత్తం నన్నే చూసింది. అప్పుడు వెనకెక్కడినుంచో ఒక ముసలాయన గొంతు, మహా మెప్పుగా, వినిపించింది.

“అసలైన పీనుగులోడే పో!”

అవునవునన్నారు. ఎవరో ఈల వేశారు. అరుగు మీద మా మామ లేచి నిలబడ్డాడు. గడ్డం మీదుగా కన్నీళ్లు కారిపోతున్నాయి, నోరంతా నవ్వు. డాబా వైపు చూశాను. పిట్టగోడ దగ్గర ఎవరూ లేరు.

ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారింట ఉండకూడదు, పుట్టింటికి పంపించేస్తారు. నా భార్య ఆ ఆషాఢంలోనే పుట్టిల్లు విడిచి అత్తగారింటికి వెళ్లిపోయింది. ఆటో ఎక్కి సైదాబాద్‌లో మా అమ్మానాన్నల ఫ్లాటుకి చేరిందని మా అత్త చెప్పింది. “చెప్పులు గూడ ఏస్కోలే బిడ్డ. ఉత్త కాళ్లతోనే పోయింది” అంది. నవ్వు ఆపుకోవడానికి వాడే ఆ కొంగుతోనే కళ్లు తుడుచుకుంది.

మర్నాడు శ్రవణ్‌ని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లాను. కన్ను పోలేదన్నారు. నేను గుమ్మంలో నిలబడి, వాడు ఉమ్మేస్తాడనో తిడతాడనో సిద్ధపడ్డాను. వాడు వాచిన పెదాలతో నవ్వబోయాడు. “రా బావా, కూసో” అని మంచం మీద జరిగి చోటిచ్చాడు. “గట్ల కొడతవనుకోలే. ఇప్పుడు నువ్వు మావోడివి. దుకాణం గిట్ల నువ్వే చూస్కో. నాకేం లొల్లి లేదు.”

వాడు తిట్టినా నాకు అంత భయమేసేది కాదు. వాడు చోటిచ్చిన ఆ జానెడు మంచం మీద కూర్చోకుండానే వచ్చేశాను.

దుకాణంలో మామ అందరికీ మిఠాయి పంచుతున్నాడు. యూసుఫ్ భాయ్ మాత్రం తీసుకోలేదు, నన్ను చూసి అత్తరు సీసాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. “ఆయియే, ఆయియే, పీనుగుల రఘురామ్ సాబ్!” అన్నాడు మామ. ఎడమ చేత్తో తాళాల గుత్తి నా ముందు పెట్టాడు. “పేరు మార్సుడు గీర్సుడు ఇంక అక్కర్లే. గల్లీయే పెట్టింది నీకు పేరు.”

“నాకొద్దు మామయ్యా” అన్నాను.

“ఏందీ?”

“పేరూ వద్దు, తాళాలూ వద్దు. వచ్చే ఏడు దెబ్బ శ్రవణ్‌ని తిననివ్వండి. వాడు మీ రక్తమే. నేను నిన్న వాణ్ణి చంపేసేవాణ్ణి. మీరు చూసి నవ్వారు. స్రవ్య చూసి వెళ్లిపోయింది.”

ఎడమ చేతికి గురి కుదిరింది. చెప్పు నా దవడకి తగిలింది. పెదవి లోపల చిట్లి నోట్లో ఉప్పగా అయ్యింది. నా కుడి చేయి దానంతటదే లేచింది, నేను చూస్తూండగానే పిడికిలైంది. కింద పందిరి తాడు చుట్ట ఉంది. దుకాణంలో ఉన్నవాళ్లందరి కళ్లూ ఆ పిడికిలి మీదే ఉన్నాయి. నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాను. మామ రెండో చెప్పు కూడా విసిరాడు. అదీ తగిలింది. నేను కదల్లేదు.

ఇక విసరడానికి చెప్పుల్లేవు. ఆయన ఉత్త కాళ్లతో తాళ్ల చుట్ట మీద కూలబడ్డాడు. చెప్పు తర్వాత మాట రావాలి కదా, అదెంతకీ రాలేదు. వచ్చినప్పుడు గొంతు వేరేగా ఉంది.

“బిడ్డ తిన్నదా?” అన్నాడు.

“తెలీదు మామయ్యా.”

“పో. మీ నాయినింటికి పో. దానికి మాపటికి పాలు తాగే అలవాటు. యాది జెయ్యి” అన్నాడు. ఆయన చెప్పులు రెండూ ఏరి ఆయన కాళ్ల దగ్గర పెట్టి వచ్చాను.

సైదాబాద్ ఫ్లాటులో మా నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నాడు. మా అమ్మ నా దవడ చూసి “ఇదేం ఖర్మరా” అని, పడగ్గది తలుపు చూపించింది. లోపల గడియ. నిన్నటినుంచీ కాఫీ మాత్రం బాల్కనీ కిటికీలోంచి తీసుకుంటోందట.

తలుపు తట్టాను.

“ఎవరు?”

“నేనే.”

పోతరాజుకి చాపిన చేతి మీద కొరడా వాత సలుపుతోంది. అరచేతుల్లో తాడు ఒరిసి బొబ్బలెక్కాయి. నన్ను క్షమించు అందామనుకున్నాను. ఆ మాట ఎవడైనా అంటాడు, మా మామ కూడా అత్తని కొట్టినప్పుడల్లా అంటాడు. ఊరికే నిలబడ్డాను. చాలాసేపటికి లోపల్నుంచి స్రవ్య గొంతు లేచింది. ఆ అపార్ట్‌మెంటు అంతా వినబడాలనే అరిచింది. పెళ్లైనప్పట్నించీ ఆమె నోట నేను వినని మాట అది.

“ఏందిరా పీనుగులోడా! ఎందుకొచ్చినవ్? ఓ పీనుగా!”

మా నాన్న పేపరు జారిపోయింది. నేను మూయకుండా వచ్చిన వీధి తలుపు అవతల పక్క ఫ్లాటు తలుపు కిర్రుమంది, రెండు తలకాయలు బయటికొచ్చాయి. నా అరచేతులు మండాయి. నిన్నటిది నాలో ఎక్కడో కదిలింది, నేను దాన్ని స్పష్టంగా గుర్తుపట్టాను. తలుపవతల ఆమె ఊపిరి బిగబట్టి వింటోందని తెలుసు. మా అమ్మ ఏమనాలో తోచక, పెళ్లిచూపులనాడు పొలమారినట్టే మళ్లీ పొలమారి దగ్గడం మొదలుపెట్టింది.

అది చూసి నాకు నవ్వొచ్చింది. చిట్లిన పెదవి మళ్లీ చిట్లింది, నెత్తురొచ్చింది, అయినా ఆగలేదు. కడుపు పట్టుకుని, గుమ్మంలోనే కూలబడి, ఇరుగుపొరుగు చూస్తూండగా నవ్వాను.

లోపల గడియ తీసిన చప్పుడైంది.